పిల్లలతో అరకు గిరిజన మ్యూజియం ఎలా చూడాలి

అరకు వెళ్ళే కుటుంబాల్లో చాలామంది గిరిజన మ్యూజియాన్ని బొర్రా గుహలకీ బొంగులో చికెన్‌కీ మధ్య ఎక్కడో ఇరికిస్తారు. కారు ఆపడం, టికెట్లు కొనడం, పిల్లల్ని ధింసా అనే గిరిజన నాట్యం ఆడే బొమ్మల పక్కన నిలబెట్టి నాలుగు ఫొటోలు తీయడం, "పదండి పదండి, చీకటి పడితే ఘాట్ దిగడం కష్టం" అని బయటికి లాక్కురావడం. ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. సాయంత్రం పిల్లాణ్ణి ఏం చూశావురా అని అడిగితే "పాతకాలం మనుషుల బొమ్మలు" అంటాడు.

చిక్కంతా ఆ మాటలోనే ఉంది. ఆ బొమ్మల్లో ఉన్నది పాతకాలం మనుషులు కాదు. గేటు బయట మీకు మొక్కజొన్న పొత్తు కాల్చి ఇచ్చే ఆవిడ, మిమ్మల్ని దింపిన ఆటో అబ్బాయి, హోటల్లో మీ బిల్లు రాసిన అమ్మాయి, వీళ్ళలో చాలామంది ఆ గిరిజనుల ఇళ్ళవాళ్ళే. వాళ్ళ పిల్లలూ మీ పిల్లలూ బళ్ళో చదివేది ఒకే పాఠాలు. ఇది తెలియకుండా మ్యూజియం చూపిస్తే జూ చూపించినట్టే ఉంటుంది, పైగా పిల్లల బుర్రలో ఓ తప్పు అభిప్రాయం దిగిపోయి ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోతుంది. అలా కాకుండా ఎలా చూపించాలో వరసగా చెప్తాను. నాలుగేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ దాకా పిల్లలున్న ఎవరైనా చేయొచ్చు, డబ్బు ఎక్కువ పట్టదు, రెండు గంటల టైమూ కాస్త ఓపికా ఉంటే చాలు.

ముందు రోజు లెక్క సరిచూసుకోండి

వైజాగ్ నుంచి అరకు రోడ్డు మీద సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది, అక్కడి నుంచి వెనక సీట్లో వాంతులు కూడా మొదలవుతాయి. పొద్దున బయల్దేరి, దార్లో బొర్రా చూసి, మధ్యాహ్నం రెండింటికి మ్యూజియం, సాయంత్రానికి మళ్ళీ వైజాగ్ అనే ప్లాన్ చాలామంది వేస్తారు. పెద్దవాళ్ళకి సరిపోవచ్చేమో గానీ, గుహలో వందల మెట్లు దిగి ఎక్కిన పిల్లలకి ఆ తర్వాత ఏ మ్యూజియమూ ఎక్కదు. వీలైతే ఒక రాత్రి అరకులో ఉండండి. బొర్రా మొదటి రోజు, మ్యూజియం రెండో రోజు పొద్దున తలుపులు తీసే వేళకి. ఒక్క రోజే ఉందంటే బొర్రా ఈసారికి వదిలేయండి, గుహలు ఎక్కడికీ పోవు.

రైల్లో వస్తే ఇంకా మంచిది. వైజాగ్ నుంచి కిరండూల్ వెళ్ళే బండి పొద్దున్నే బయల్దేరి పదకొండు లోపు అరకు చేరుస్తుంది, అద్దాల విస్టాడోమ్ పెట్టె కావాలంటే టికెట్లు బాగా ముందే తీసుకోవాలి. యాభైకి పైగా సొరంగాలున్నాయి, లెక్కపెట్టే పని పిల్లలకి అప్పగించండి. ఈ లైను మన కోసం వేసింది కాదనీ, ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపాన్‌కి పంపడానికి 1960ల్లో వేసిందనీ కూడా చెప్పండి. ఎదురుగా ఖనిజం బండి వచ్చినప్పుడు ఆ ఎర్రదుమ్ము చూసి వాళ్ళే నమ్ముతారు.

నవంబరు నుంచి జనవరి దాకా చలి బాగుంటుంది, కొండవాలుల్లో వలిసె పూలు పసుపచ్చగా పరుచుకుంటాయి, జనమూ అలాగే పరుచుకుంటారు. ఆదివారాలు, సంక్రాంతి సెలవులు తప్పించుకోండి. టికెట్ ధర, తెరిచే వేళ, సెలవు రోజు మారుతుంటాయి కాబట్టి ముందు రాత్రి హోటల్లో అడిగితే సరి. అడిగేటప్పుడే ఈ వారం సంత ఏ రోజు, ఎక్కడ అని కూడా అడగండి, దాని పని తర్వాత ఉంది.

బయల్దేరే ముందు ఇంట్లో చేయాల్సింది

మ్యూజియం సగం ఇంట్లోనే చూపించొచ్చు. అమ్మమ్మో నానమ్మో దగ్గరుంటే ఆవిణ్ణి కూర్చోబెట్టి చాట, తిరగలి, రోకలి, గంప, ఉట్టి, కావడి ఇవన్నీ ఏమిటో పిల్లలకి చెప్పించండి. అటక మీద చాట ఉంటే దింపి, గుప్పెడు బియ్యం పోసి చెరగమనండి. ఎంత తేలిగ్గా కనిపిస్తుందో అంత కష్టం, సగం బియ్యం నేల మీద ఉంటాయి. ఈ ఒక్క పని చేసిన పిల్లలు రేపు మ్యూజియంలో చాట కనిపించగానే "మన ఇంట్లో ఉందిగా" అని అరుస్తారు. మనకి కావాల్సిందీ ఆ కేకే.

తర్వాత రెండు కథలు. మొదటిది ఇటుకల పండుగ కథ. చైత్రమాసంలో ఏజెన్సీ ఊళ్ళలో, అంటే కొండల్లోని గిరిజన ఊళ్ళలో జరుగుతుంది, విత్తనాలకి పూజ చేస్తారు, మగవాళ్ళు అడవికి వేటకి వెళ్తారు. ఉత్త చేతులతో తిరిగొచ్చినవాళ్ళని ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లి ఆటపట్టించేవారు. పండగ రోజుల్లో దారికి అడ్డంగా కర్ర పెట్టి, వచ్చే పోయే బండ్లని ఆపి పండగ డబ్బులు అడగడం ఇప్పటికీ ఉంది. పేడనీళ్ళ సంగతి వినగానే ఏ పిల్లాడైనా లేచి కూర్చుంటాడు.

రెండోది అల్లూరి సీతారామరాజు కథ, కానీ సినిమాల్లోలా కాదు. బ్రిటిష్ వాళ్ళు అడవి చట్టాలు తెచ్చి పోడు వ్యవసాయం (కొండవాలులో చెట్లు కొట్టి, కాల్చి చేసే సాగు) చేసుకోనివ్వకపోవడం, ఘాట్ రోడ్లు వేయించడానికి కొండవాళ్ళ చేత కూలి సరిగా ఇవ్వకుండా చాకిరీ చేయించడం, వీటి మీద తిరుగుబాటు అది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద, ఆ వెంటనే కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద దాడి చేశారు. తీసుకెళ్ళిన ఆయుధాల లెక్క స్టేషన్ పుస్తకంలో రాసి సంతకం పెట్టి వెళ్ళాడు చూడండి, ఆ ముక్క పిల్లలకి భలే నచ్చుతుంది. గాం గంటందొర, మల్లుదొర పేర్లు కూడా తప్పకుండా చెప్పండి, ఎందుకంటే రాజు మైదానం నుంచి వచ్చినవాడు, ఆయన వెంట నడిచి ప్రాణాలొడ్డింది వీళ్ళు. 2022లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు అరకు, పాడేరు ప్రాంతానికి అల్లూరి పేరే పెట్టారు కాబట్టి బోర్డుల మీద ఆ పేరు కనిపించినప్పుడల్లా కథ దానంతటదే గుర్తొస్తుంది.

గేటు దగ్గర రెండు నిమిషాలు

లోపలికి వెళ్ళకముందే ఆగి మూడు సంగతులు చెప్పండి, లోపల చెప్తే వినరు. ఒకటి, బొమ్మల బట్టలు, నగలు చూసి నవ్వకూడదు, పక్కన నిలబడి చూస్తున్నవాళ్ళు ఆ ఊరివాళ్ళే కావచ్చు. రెండు, చేత్తో ముట్టుకోకూడదు. మూడు, అన్నీ చూడక్కర్లేదు. ఈ మూడోది వినగానే పిల్లల మొహాలు వెలుగుతాయి. నచ్చినవి ఐదు వస్తువులు ఎంచుకోవాలి, వాటి గురించి మాత్రం అంతా తెలుసుకోవాలి, అదీ పందెం. చిన్న నోట్‌బుక్కు, పెన్సిలు ఇవ్వండి. ఫోన్ మాత్రం మీ జేబులోనే ఉంచుకోండి, ఫొటోలకి చివర పది నిమిషాలు చాలు.

పెద్దవాళ్ళకో మాట. "పాపం, వాళ్ళకి ఏమీ తెలియదు", "అమాయకులు" లాంటి మాటలు పిల్లల ముందు రానివ్వకండి. జాలి కూడా ఒక రకం చిన్నచూపే, పిల్లలు దాన్ని ఇట్టే పట్టేస్తారు.

లోపల ప్రతి వస్తువు దగ్గరా నాలుగు ప్రశ్నలు

ఇక్కడ తొందరపడొద్దు. ఆగిన ప్రతి చోటా బోర్డు చదివేయకుండా ముందు పిల్లల్ని అడగండి. ఇది దేనికి? దేంతో చేశారు? ఇప్పుడు మనింట్లో దీని బదులు ఏముంది? నాలుగోది అసలైన ప్రశ్న: ఇందులో అడవిలో దొరికింది ఏది, సంతలో కొన్నది ఏది?

విల్లంబుల దగ్గర చూడండి. విల్లు వెదురు, బాణం ములికి మాత్రం ఇనుము. ఇనుము చెట్టుకి కాయదు, కమ్మరి చేయాలి. పూసల దండల్లో పూసలు, ఇత్తడి కడియాలు, ఉప్పు, ఇవన్నీ కింద నుంచి వచ్చినవి. చింతపండు, పసుపు, తేనె, కరక్కాయ, అడ్డాకులు పై నుంచి కిందికి వెళ్ళాయి. మీ ఊరి పెళ్ళిళ్ళలో ఒకప్పుడు వేసిన అడ్డాకు విస్తళ్ళు ఇలాంటి కొండల్లో కోసిన ఆకులతో కుట్టినవే. అంటే కొండా పల్లమూ ఎప్పుడూ ఒకదాన్నొకటి ఎరిగినవే, ఎవరూ లోకానికి దూరంగా దాక్కుని లేరు. ఇంత సంగతినీ మీరు ఉపన్యాసంగా చెప్తే పిల్లలు ఆవలిస్తారు, నాలుగో ప్రశ్నకి జవాబు వెతికితే వాళ్ళే చెప్తారు.

చేపలు పట్టే వెదురు బుట్ట కనిపిస్తే కనీసం ఐదు నిమిషాలు ఆగండి. ఇలాంటి వాటికి నోరు వెడల్పుగా ఉండి లోపలికి సన్నబడుతూ పోతుంది, పుల్లల మొనలు లోపలి వైపుకి తిరిగి ఉంటాయి. నీళ్ళ వాలుకి అడ్డంగా పెడితే చేప లోపలికి సులువుగా జారిపోతుంది, బయటికి రావాలంటే మొనలు అడ్డం. ఎర లేదు, గాలం లేదు, మనిషి కాపలా కూడా అక్కర్లేదు. "చేప వెనక్కి ఎందుకు రాలేదు?" అని అడిగి ఊరుకోండి. ఎనిమిది దాటిన పిల్లలు బొమ్మ గీసి మరీ వివరిస్తారు, సైన్సు టీచర్లకి అసూయ పుట్టేలా.

ఆనప బుర్ర కూడా అలాంటిదే. ముదిరిన ఆనపకాయని ఎండబెట్టి గింజలు దులిపేస్తే నీళ్ళకీ, అంబలికీ, కల్లుకీ పాత్ర, అడ్డంగా కోస్తే గరిటె. ఇక్కడ మూడో ప్రశ్నకి జవాబు వాటర్ బాటిల్ అని వస్తుంది. రెండింట్లో ఏది పారేసినా మట్టిలో కలుస్తుందో అడగండి, చాలు, ప్లాస్టిక్ మీద ప్రసంగం అవసరం లేదు.

వంటిల్లు చూపించే చోట చోళ్ళు, సామలు, కొర్రల సంగతి ఎత్తండి. చాలాచోట్ల రాగులనేవాటినే ఉత్తరాంధ్రలో చోళ్ళంటారు. మీరు సూపర్ మార్కెట్లో డబ్బు పోసి కొంటున్న మిల్లెట్లు ఇక్కడ రోజూ తిన్న తిండి, చోడి అంబలి తాగే పొలానికి వెళ్ళేవారు.

బట్టల దగ్గర గదబ ఆడవాళ్ళ చీర గుర్తుపట్టండి. ఎరుపు, నీలం, తెలుపు అడ్డచారలు ఉంటాయి, పూర్వం కెరంగ్ అనే మొక్క నారని వడికి ఇంట్లోనే నేసుకునేవారు. ఇక్కడే ఇంకో సంగతి చెప్పొచ్చు: గిరిజనులు అంటే ఒకే గుంపు కాదు. బగత, కొండదొర, కోటియ, వాల్మీకి, పోర్జ, గదబ, ఖోండు ఇలా ఎందరో. ఖోండుల కువి భాష మన తెలుగుకి దూరపు బంధువు, ద్రావిడ కుటుంబం. గదబల్లో కొందరు మాట్లాడే గుతోబ్ మాత్రం ముండా కుటుంబం, దాని చుట్టాలు ఝార్ఖండ్ వైపు ఉన్నారు. ఒకరితో ఒకరు సంతలో మాట్లాడుకోవడానికి ఆదివాసీ ఒడియా, తెలుగు. అంటే అక్కడి పదేళ్ళ పిల్లకి మూడు భాషలు మామూలు. ఇంగ్లీషు మీడియం గొప్పలు పోయే పిల్లల దగ్గర ఈ మాట బాగా పనిచేస్తుంది.

ఇక ధింసా. అందరూ ఫొటో తీసుకునే చోటు ఇదే, కానీ ఫొటో కన్నా ఆట ముఖ్యం. ఆడవాళ్ళు ఒకరి నడుం వెనక నుంచి ఒకరు చేతులు కలిపి గొలుసులా నిలబడతారు, మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు వాయిస్తారు. ఇందులో రకాలున్నాయి. బోడ ధింసా ఊరి దేవతకి, పొత్తర్ తోల ధింసా ఆకులు కోసే ఆట, భాగ్ ధింసా పులి మీద పడితే తప్పించుకునే ఆట. పులి ఆట ఎలా ఉంటుందో మీ పిల్లల్నే ఊహించి చేయమనండి, కానీ హాల్లో కాదు, బయట ఆవరణలో ఖాళీ చోటు చూసి. మీరూ చేతులు కలపాల్సి వస్తుంది, సిగ్గుపడకండి. ఒక్క అడుగు తప్పితే గొలుసంతా ఎలా తడబడుతుందో అప్పుడు తెలుస్తుంది.

వయసుని బట్టి

ఐదేళ్ళ లోపు పిల్లలకి నలభై నిమిషాలు చాలా ఎక్కువ. ఇళ్ళు, జంతువులు, డప్పులు చూపించి బయట పరుగెత్తనివ్వండి. ఆరు నుంచి పదేళ్ళ వాళ్ళకి పైన చెప్పినదంతా సరిగ్గా సరిపోతుంది. పన్నెండు దాటినవాళ్ళే అసలు కష్టం, "బోర్" అనే మాట నోట్లోనే ఉంటుంది. వాళ్ళకి వస్తువులు కాదు, తగాదాలు కావాలి. పోడు ఎందుకు ఆపారు, భూమి ఎవరిది, ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనకూడదని చట్టం ఎందుకుంది (1970 సవరణ తర్వాత ఆ నిబంధన గట్టిది), అలాంటప్పుడు ఇన్ని రిసార్టులు ఎలా లేచాయి అని అడిగి చూడండి. హోటల్‌కి తిరిగొచ్చే దాకా వాదిస్తూనే ఉంటారు. మ్యూజియం గోడల మీద వేట, పెళ్ళి, పండగ కనిపించినంతగా ఇవి కనిపించవు, అందుకని మీరే ఎత్తాలి.

బయటికి వచ్చాక

వెంటనే కారెక్కకండి. దగ్గర్లోనే కాఫీ మ్యూజియం ఉంది, పిల్లలకి చాక్లెట్లు, మీకు కాఫీ. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ, ఆ చెట్లకే మిరియాల తీగ, అలా పండిస్తారు, పండించేది ఎక్కువగా చిన్న చిన్న కమతాల గిరిజన రైతులు. చలికాలంలో వెళ్తే మొక్కల మీద ఎర్రటి పళ్ళు కనిపిస్తాయి, తోటవాళ్ళని అడిగి ఒకటి నోట్లో వేసుకోమనండి, తియ్యగా ఉంటుంది, కాఫీ రుచి అస్సలు రాదు. ఇక్కడికి వచ్చేసరికి ఉదయం విల్లంబుల దగ్గర మొదలైన కథ రైతు దాకా వచ్చినట్టు. వేటగాళ్ళు అన్న మాట దగ్గరే పిల్లల్ని ఆపేయకూడదు, ఈ కొండల్లో చాలామంది బతుకు వ్యవసాయం.

సంత రోజు కలిసొస్తే మ్యూజియం కన్నా అదే పెద్ద పాఠం. పొద్దున మ్యూజియం, ఆ వెంటనే సంత. పిల్లల చేతికి యాభయ్యో వందో ఇచ్చి, మ్యూజియంలో చూసిన వస్తువు ఏదైనా ఇక్కడ కొనమనండి. చాట, గంప, చీపురు, చోళ్ళు, రాజ్‌మా, అల్లం, ఏదో ఒకటి దొరుకుతుంది. బేరం ఆడనివ్వొద్దు. మాల్‌లో నోరెత్తకుండా కట్టి, తల మీద పది కిలోమీటర్లు మోసుకొచ్చిన గంప దగ్గర పది రూపాయలు తగ్గించమనడం పిల్లలు చూడకూడని పని.

అరకులో గిరిజన చీర కట్టి ఫొటో తీసేవాళ్ళు ఉంటారు. పిల్లలు ముచ్చటపడితే కట్టించండి, తప్పు లేదు, కట్టే ఆవిడకి డబ్బు వస్తుంది. కానీ ఆ చీర ముడి ఎలా వేశారో ఆవిణ్ణి అడిగి నేర్చుకోమనండి, ఆవిడ పేరు కూడా అడగమనండి. దార్లో వెళ్తున్న ముసలావిడ ముక్కు పోగులు బాగున్నాయని అడగకుండా ఫోన్ పెట్టడం మాత్రం వద్దు. రిసార్టుల్లో సాయంత్రం ధింసా ఆడించినా అంతే, ఆట అయ్యాక పిల్లల చేతే డబ్బు ఇప్పించి, నిలబడి దణ్ణం పెట్టించండి.

మిగతా చిల్లర సంగతులు

అరకు 900 మీటర్ల ఎత్తున ఉంది, డిసెంబరులో పొద్దున స్వెట్టర్ లేకపోతే పిల్లలు వస్తువులు కాదు, మిమ్మల్ని చూస్తూ ఏడుస్తారు. టాయిలెట్ హోటల్లోనే కానిచ్చి బయల్దేరండి. టిఫిన్ తినిపించి లోపలికి వెళ్ళండి, ఆకలితో ఉన్న పిల్లలకి వంటిల్లు బొమ్మ చూపించడం దారుణం. బొంగులో చికెన్ నూనె లేకుండా వెదురులో కాలుస్తారు, చాలా చోట్ల కారం గట్టిగా ఉంటుంది, పిల్లలకని ముందే చెప్పి తగ్గించమనాలి. తేనె, కాఫీ పొడి కొనాలంటే జీసీసీ (గిరిజన సహకార సంస్థ) దుకాణం చూసుకోండి, 1956 నుంచి గిరిజనుల దగ్గర అటవీ ఉత్పత్తులు కొంటున్న సహకార సంస్థ అది. సాయంత్రం మిగిలితే పద్మాపురం తోట, చిన్న రైలు, అక్కడ ఏమీ నేర్పించకండి, ఆడుకోనివ్వండి.

ఇంటికొచ్చాక ఒక్క పని. పిల్లలు ఎంచుకున్న ఐదు వస్తువుల బొమ్మలు అమ్మమ్మకి చూపించి, వాటిలో ఏవి ఆవిడ వాడిందో టిక్కు పెట్టించండి. మా బంధువుల్లో ఒకావిడ ఐదుకి నాలుగు టిక్కులు పెట్టి, ఐదోది మీ తాతకి తెలుసు, ఆయన్నడగండి అంది.

అరకు దూరమైతే ఇదే పద్ధతి దగ్గర్లో ఉన్న చోట చేయండి. హైదరాబాద్ వాళ్ళకి మాసబ్‌ట్యాంక్‌లో నెహ్రూ శతజయంతి గిరిజన మ్యూజియం ఉంది, అక్కడ గోండులు, కోయలు, చెంచులు, లంబాడీల వస్తువులు చూడొచ్చు. శ్రీశైలం వెళ్ళేవాళ్ళకి చెంచులక్ష్మి గిరిజన మ్యూజియం, ములుగు వైపు వాళ్ళకి మేడారంలో ఒకటి. మేడారానికి మాత్రం జాతర రోజుల్లో మ్యూజియం పని మీద వెళ్ళకండి, ఆ జనంలో పిల్లల చెయ్యి పట్టుకుని నడవడమే ఓ రోజు పని.